కేబుల్ పైతొడుగు రంగులు: అపోహలు - వాస్తవాలు

అమెరికా ఇళ్లలో వైరింగ్ చేసే మాకు తెలుపు, పసుపు, నారింజ కేబుళ్లు ఎంతగా అలవాటయ్యాయంటే, రంగు చూడగానే లోపలి తీగ ఏ గేజో, అంటే ఎంత లావో, చెప్పేస్తాము. కొత్త ఇంట్లో ఆ మాట సాధారణంగా నిజమే అవుతుంది. పాత ఇంట్లో మాత్రం అలా చెప్పకూడదు.

అపోహ: ఈ రంగులను అమెరికా జాతీయ విద్యుత్ కోడ్ (వైరింగ్ నియమావళి) నిర్ణయించింది.

వాస్తవం: పైతొడుగు ఏ రంగులో ఉండాలో ఆ కోడ్ చెప్పదు. 14 గేజికి తెలుపు, 12కు పసుపు, 10కి నారింజ, 8, 6 గేజిలకు నలుపు అన్న పద్ధతిని తయారీదారులే 2001లో స్వచ్ఛందంగా మొదలుపెట్టారు. (అంకె తగ్గేకొద్దీ తీగ లావవుతుందన్నది గుర్తుంచుకోవాలి.) గోడలు మూయకముందు తనిఖీకి వచ్చినవారు గది మధ్య నిలబడే ఏ సర్క్యూట్‌కు ఏ తీగ లాగారో చూసుకోగలగడం దీనివల్ల కలిగిన మేలు. కోడ్ రంగులు చెప్పేది లోపలి తీగలకు: న్యూట్రల్‌కు తెలుపు లేదా బూడిద, ఎర్త్‌కు ఆకుపచ్చ లేదా తొడుగు లేని రాగి. ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్లనే ఈ అపోహ పుట్టిందని నా అభిప్రాయం.

అపోహ: తెల్ల తొడుగు ఉంటే లోపల ఉన్నది 14 గేజే.

వాస్తవం: న్యూయార్క్ రాష్ట్రంలోని రోమ్ పట్టణంలో 1920లలో రోమ్ వైర్ కంపెనీ తెచ్చిన, ఆ ఊరి పేరుమీదనే రోమెక్స్ అని పిలిచే ఈ రకం కేబులుకు ఆ దశకంలోనే కోడ్‌లో చోటు దొరికింది. అప్పట్లో దాని పైతొడుగు తేమ తగలకుండా పూత పట్టించిన నూలు అల్లిక. ప్లాస్టిక్ తొడుగు 1960లలో వాడుకలోకి వచ్చింది. అప్పటినుంచి 2001 వరకు గేజి ఏదైనా తొడుగు ఎక్కువగా తెల్లగానే ఉండేది కాబట్టి, ఆ కాలపు ఇంట్లో తెల్ల కేబులు 14 కావచ్చు, 12 కావచ్చు, 10 కూడా కావచ్చు. తొడుగుపై అచ్చు చదవాలి, అది చెరిగిపోతే తీగనే కొలవాలి.

రంగు చెప్పని విషయం ఇంకొకటి ఉంది. ఇదే రోమెక్స్ కేబులులో 1980ల మధ్యలో వచ్చిన ఎన్‌ఎమ్-బి అనే రకంలో లోపలి తీగల ఇన్సులేషన్ 90 డిగ్రీల సెల్సియస్‌ను తట్టుకుంటుంది; అంతకుముందున్న ఎన్‌ఎమ్ రకంలో చాలావరకు 60 డిగ్రీలదే. రెండూ తెల్లగానే కనిపిస్తాయి. 90 డిగ్రీల తీగ కావాలని కొన్ని సీలింగ్ దీపాల పెట్టెలపై రాసి ఉండటానికి కారణం ఇదే.

అపోహ: నారింజ రంగు అంటే 240 వోల్టులు.

వాస్తవం: కాదు. 240 వోల్టులతో నడిచే 30 ఆంపియర్ల డ్రైయర్లకు, వాటర్ హీటర్లకు 10 గేజి వాడటం వల్ల అలా అనిపిస్తుంది. ఈ కేబుళ్లన్నీ 600 వోల్టులకు తయారైనవే.

అపోహ: ప్యానెల్ (బ్రేకర్లుండే పెట్టె) దగ్గర పసుపు కేబులు కనిపిస్తే 20 ఆంపియర్ బ్రేకర్ పెట్టుకోవచ్చు.

వాస్తవం: అక్కడ కనిపించేది సర్క్యూట్ మొదటి ముక్క మాత్రమే. మధ్యలో ఏ జంక్షన్ బాక్సులోనో ఎవరైనా 14 గేజి తీగ కలిపి ఉంటే, ఆ సర్క్యూట్ మొత్తానికీ బ్రేకర్ 15 ఆంపియర్లు దాటకూడదు. అందుకే 15 తీసి 20 పెట్టమని ఎవరైనా అడిగితే, విద్యుత్తు ఆపి, టెస్టర్‌తో నిర్ధారించుకుని, ఆ సర్క్యూట్‌లోని బాక్సులన్నీ విప్పి చూశాకే జవాబు చెబుతాను.