పెద్ద బండిలో వెనక సీటు కూడా పెద్దదేనా? ఎస్‌యూవీ, లగ్జరీ సెడాన్: అపోహలు - వాస్తవాలు

పోయిన నెల ఒక ఏడు సీట్ల ఎస్‌యూవీకి వెల కట్టడానికి కొంపల్లి వెళ్లాను. కొని పదకొండు నెలలే అయింది. తిరిగింది ఆరు వేల కిలోమీటర్లు కూడా లేదు, ఒంటి మీద గీత లేదు. డిక్కీ తెరిస్తే ఒక చెక్క పీట కనిపించింది. ఇదెందుకని అడిగాను. ఆ ఇంటి పెద్దాయన, రిటైరైన లెక్కల మాస్టారు, మెల్లగా చెప్పారు: "మా ఆవిడకి మోకాలి ఆపరేషన్ అయింది బాబూ. ఆ పీట వేస్తే గానీ బండి ఎక్కలేదు. దిగేటప్పుడు ఇద్దరం పట్టుకోవాలి. అందుకే ఎక్కడికీ రానంటోంది."

కొడుకు డాలస్‌లో ఉంటాడు. అమ్మానాన్నలు సుఖంగా తిరగాలని అక్కడి నుంచే ఫోన్‌లో మాట్లాడి, ఉన్నవాటిలో పెద్ద బండి బుక్ చేశాడు. ఆ అబ్బాయి ప్రేమలో ఏ లోటూ లేదు. కానీ కట్టిన లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, మొదటి ఏడాదిలోనే పడిపోయిన ధర అన్నీ కలిపితే పది లక్షల పైనే పోయింది. ఆ అంకె మాస్టారికి చెప్పడానికి నాకు నోరు రాలేదు. కాగితం మీద రాసి ఇచ్చాను.

పదహారేళ్లుగా ఖరీదైన కార్లు కొనడం, అమ్మడం, వెల కట్టడం నా పని. ఏడాదిలోపే అమ్మకానికి వచ్చే బండ్లలో నేను ఎక్కువగా వినే కారణం ఇంజిన్ కాదు, మైలేజ్ కాదు. "అమ్మకి కుదరలేదు", "నాన్నకి నడుం పడుతోంది" అంటారు. దాని వెనక ఒకే అపోహ ఉంటుంది. అందుకే ముందు దాని గురించి మాట్లాడతాను.

అపోహ: ఎస్‌యూవీ బయటికి పెద్దది, కాబట్టి లోపల జాగా, సుఖం కూడా ఎక్కువ.

బయట కనిపించే ఎత్తు వేరు, లోపల కాళ్లకు దొరికే జాగా వేరు. ఒకే టయోటా షోరూమ్‌లో దాదాపు ఒకే ధర శ్రేణిలో ఉండే రెండు బండ్లు తీసుకోండి. ఎస్‌యూవీ ఫార్చ్యూనర్ వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం, 2745 మి.మీ. డిక్కీ వెనక విడిగా ఉండే సెడాన్ క్యామ్రీది 2825 మి.మీ. చూడటానికి చిన్నగా, నేలకు దగ్గరగా ఉన్న బండికే 8 సెంటీమీటర్లు ఎక్కువ. మన దేశంలో 2024లో వచ్చిన లాంగ్ వీల్‌బేస్ మెర్సిడెస్ ఈ-క్లాస్‌కి అది 3094 మి.మీ. అంటే ఫార్చ్యూనర్ కంటే అడుగు పైనే. బీఎండబ్ల్యూలో కూడా అంతే: ఎస్‌యూవీ ఎక్స్5 వీల్‌బేస్ 2975, లాంగ్ వీల్‌బేస్ 5 సిరీస్ సెడాన్‌ది 3105. ముందు రెండు వరుసల వాళ్లు కూర్చునేది ఆ చక్రాల మధ్యే.

వీల్‌బేస్ ఒక్కటే చూసి తేల్చేయకూడదు, నిజమే. ఆ పొడవులో ఎన్ని వరుసలు ఇరికించారన్నది కూడా చూడాలి. సెడాన్‌లో రెండు వరుసలే. ఏడు సీట్ల బండిలో మూడు. మూడో వరుసలో వాళ్లకి కాస్త చోటివ్వాలంటే రెండో వరుస ముందుకు జరగాలి. అంటే బ్రోచర్‌లో ఏడుగురు కూర్చున్న ఫొటో, రెండో వరుసలో కాళ్లు చాపుకున్న ఫొటో ఒకే రోజు, ఒకే ప్రయాణంలో సాధ్యం కావు.

ఇంకో సంగతి షోరూమ్‌లో ఎవరూ చెప్పరు. ఫార్చ్యూనర్ లాంటి ల్యాడర్ ఫ్రేమ్ బండిలో బాడీ ఒక ఉక్కు చట్రం మీద కూర్చుంటుంది. దాంతో లోపలి ఫ్లోర్ పైకి వస్తుంది. రూఫ్‌ని ఎంతైనా పెంచుకుంటూ పోలేరు కాబట్టి ఫ్లోర్‌కీ సీటుకీ మధ్య ఎత్తు తగ్గుతుంది. మోకాళ్లు పైకి లేస్తాయి, తొడల కింద సీటు ఆనదు, ఒంటి బరువంతా నడుం మీద పడుతుంది. మూడో వరుసలో ఇది మరీ ఎక్కువ. షోరూమ్‌లో రెండు నిమిషాలు కూర్చుంటే తెలియదు. హైదరాబాద్‌లో బయలుదేరి సూర్యాపేట దాటేసరికి తెలుస్తుంది. మోకాళ్లకీ ముందు సీటుకీ మధ్య జాగా మాత్రమే చూసి "లెగ్‌రూమ్ బాగుంది" అనేవాళ్లు తొడలకు ఆసరా ఉందో లేదో కూడా చూడండి. దూర ప్రయాణంలో నడుం బాధ తెచ్చేది అదే.

దీన్ని విని నేను సెడాన్ కొనమంటున్నానని అనుకోకండి. మోకాళ్ల నొప్పులున్న వాళ్లకి లగ్జరీ సెడాన్ కూడా ఇబ్బందే. ఎత్తు ఎస్‌యూవీకి కాలెత్తి ఎక్కాలి. సెడాన్‌లోకి కిందికి దిగి కూర్చోవాలి, లేచేటప్పుడు మోకాళ్ల మీద బలమంతా పెట్టాలి. కూర్చున్నాక ఈ-క్లాస్ వెనక సీటు పట్టు పరుపే. లేవడం మాత్రం మా అమ్మకి కష్టం.

మా నాన్న భీమవరంలో అంబాసిడర్ ట్యాక్సీ నడిపేవారు. పెళ్లిళ్లకీ, ఆసుపత్రికీ, ద్వారకా తిరుమలకీ ఆ బండే. మా నాయనమ్మకి అప్పటికే ఎనభై దాటాయి. తలుపు తీస్తే వెనక్కి తిరిగి సీటు మీద కూర్చుని, ఒక్కో కాలూ లోపల పెట్టుకునేది. ఎవరి చెయ్యీ పట్టుకునేది కాదు. దానికి కారణం ఈ వృత్తిలోకి వచ్చాక అర్థమైంది. అంబాసిడర్ సెడానే అయినా సీటు ఎత్తుగా, కుర్చీలా ఉండేది. తలుపు వెడల్పుగా తెరుచుకునేది. ఆమె ఎక్కేదీ కాదు, దిగేదీ కాదు, నిలబడ్డ చోటే కూర్చునేది. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. పెద్దవాళ్ల కోసం బండి చూసే ప్రతి ఇంటికీ నేను ఇప్పటికీ ఆ సీటు ఎత్తునే కొలతగా చెబుతాను: నిలబడ్డ మనిషి తుంటికి కొంచెం కిందగా సీటు ఉండాలి. మరీ పైన వద్దు, మరీ కింద వద్దు. ఇప్పుడు ఆ ఎత్తు ఎక్కువగా దొరికేది ల్యాడర్ ఫ్రేమ్ లేని ఐదు సీట్ల క్రాసోవర్లలో (కారుకీ ఎస్‌యూవీకీ మధ్య రకం బండ్లు), అలాగే ఇన్నోవా హైక్రాస్ లాంటి వాటిలో.

అపోహ: ఎత్తు బండి కాబట్టి గుంతలు తెలియవు.

గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకీ బండి అడుగు భాగానికీ మధ్య ఎత్తు, ఉంటే బండి కింది భాగం నేలకు తగలదు. అంతవరకే. కుదుపు తెలియకపోవడమన్నది సస్పెన్షన్, టైరు, బరువు మీద ఉంటుంది. ఎత్తుగా కూర్చుంటే బండి పక్కలకి ఊగినప్పుడు తల ఎక్కువ దూరం కదులుతుంది. పిల్లలకి వాంతులవడానికి అది కూడా ఒక కారణం. మూడో వరుస సీటు సరిగ్గా వెనక చక్రాల మీదో, వాటికి దగ్గరగానో ఉంటుంది కాబట్టి ప్రతి స్పీడ్ బ్రేకరూ అక్కడ నేరుగా తగులుతుంది. శ్రీశైలం ఘాట్‌లో నేను ఒకసారి కావాలనే మూడో వరుసలో కూర్చుని వెళ్లాను. దోర్నాల రాకముందే బండి ఆపించి దిగాను. అప్పటి నుంచి తాతయ్యలనీ పసిపిల్లలనీ అక్కడ కూర్చోబెడతామన్న వాళ్లకి వద్దని గట్టిగానే చెబుతున్నాను.

అపోహ: సెడాన్ వెనక సీట్లో ముగ్గురు హాయిగా కూర్చోవచ్చు.

ఈ-క్లాస్, 5 సిరీస్ లాంటి వాటిలో నడి మధ్య ఫ్లోర్ మీద పెద్ద గట్టు ఉంటుంది. మధ్యలో కూర్చున్న మనిషి దానికి అటొక కాలు, ఇటొక కాలు పెట్టుకోవాలి. డ్రైవర్‌తో కలిపి అవి నలుగురి బండ్లు. ఇంట్లో ఎప్పుడూ ఐదుగురు తిరిగేవాళ్లయితే ఇక్కడ ఎస్‌యూవీదే పైచేయి.

అపోహ: ఎస్‌యూవీ అంటే డిక్కీ పెద్దది.

మూడో వరుస మడిస్తేనే. ఏడుగురు కూర్చుంటే శంషాబాద్ విమానాశ్రయం నుంచి రెండు పెద్ద సూట్‌కేసులు తేవడం కూడా కష్టం. కొన్ని జర్మన్ సెడాన్లలో స్టెప్నీ డిక్కీలోనే పడుకుని ఉంటుంది, అది కూడా తెరిచి చూసుకోండి.

సన్‌రూఫ్ వల్ల లోపల విశాలమవుతుందా అని కూడా అడుగుతారు. వెలుతురు పెరుగుతుంది, తల మీద జాగా కాస్త తగ్గుతుంది, మే నెలలో ఏసీకి పని పెరుగుతుంది.

విదేశాల్లో ఉండి అమ్మానాన్నలకి బండి కొనాలనుకునే వాళ్లు చాలామంది నాకు ఫోన్ చేస్తారు. వాళ్ల గొంతులో టెన్షన్ నాకు తెలుసు. పక్కన లేమన్న బాధని మంచి బండితో కొంచెమైనా తీర్చుకోవాలని చూస్తారు. వాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. రివ్యూ వీడియోలు చూడండి, బంధువుల సలహా వినండి, కానీ అమ్మ ఆ సీట్లో కూర్చోకుండా అడ్వాన్స్ కట్టకండి. టెస్ట్ డ్రైవ్‌లో స్టీరింగ్ పట్టుకునేది మీ బంధువైనా, డ్రైవరైనా ఫర్వాలేదు. వెనక సీట్లో అమ్మ ఉండాలి. మూడుసార్లు ఎక్కి దిగమనండి. ఆమె ఇంట్లో కట్టుకునే చీరతోనే, వేసుకునే చెప్పులతోనే. తర్వాత అరగంట పాడైన రోడ్డు మీద తిప్పించండి, దిగాక కాసేపు ఆగి నడుం ఎలా ఉందో అడగండి. కొడుకు కొంటున్నాడని బాగుందనే అంటుంది, కాబట్టి దిగేటప్పుడు ఆమె చెయ్యి ఎక్కడ పట్టుకుంటోందో ఎవరినైనా వీడియో తీసి పంపమనండి. ఈ అరగంట ఇవ్వనన్న షోరూమ్‌లో కొనకండి, ఇచ్చే చోటు ఇంకొకటి ఉంటుంది.