అప్రెంటిస్‌గా చేరేముందు: అపోహలు - వాస్తవాలు

ఐటీఐ ఫలితాలు వచ్చిన వారం మా గదిలో కుర్చీలు చాలవు. పిల్లలకంటే ముందు నాన్నలు వస్తారు. "సార్, అప్రెంటిస్‌లో చేరితే నెలకెంతిస్తారు?" అన్నది మొదటి ప్రశ్న. "ఏడాదయ్యాక పర్మనెంట్ చేస్తారా?" అన్నది రెండోది. ఫిట్టర్ ట్రేడ్ చెబుతూ, పిల్లల్ని అప్రెంటిస్‌షిప్‌లకు పంపే పని చూస్తూ చాలా ఏళ్ళు గడిచాయి. ఈ రెండూ దాటి "అక్కడ మావాడికి పని ఎవరు నేర్పుతారు సార్?" అని అడిగినవాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. నన్నడిగితే ముందు అడగాల్సింది ఆ ప్రశ్నే. మా గదిలో రోజూ వినపడే అపోహలు చాలావరకు, అది అడగకపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: అప్రెంటిస్, ట్రైనీ, ఇంటర్న్... పేర్లే వేరు, అన్నీ ఒకటే.

వాస్తవం: 1961 నాటి అప్రెంటిసెస్ చట్టం కింద చేరినవాళ్ళే అప్రెంటిస్‌లు. యజమానికీ అభ్యర్థికీ మధ్య రాతపూర్వకంగా కాంట్రాక్టు ఉండాలి, అది ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో నమోదు కావాలి. పిల్లవాడు మైనర్ అయితే తల్లో తండ్రో సంతకం చేయాలి. గేటు దగ్గర ఆధార్ జిరాక్స్ తీసుకుని "రేపట్నుంచి వచ్చెయ్" అన్నారంటే, వాళ్ళు ఏ పేరుతో పిలిచినా సరే, అది అప్రెంటిస్‌షిప్ కాదు.

ఆ నమోదుతో ఏమొస్తుందని చాలామంది తేలిగ్గా తీసేస్తారు. చాలా వస్తుంది. అప్రెంటిస్‌కి పీస్ లెక్కన డబ్బులివ్వడానికి వీల్లేదు. ప్రొడక్షన్ బోనస్, ఇన్సెంటివ్ లాంటి స్కీముల్లో చేర్చడానికీ వీల్లేదు. ఓవర్‌టైమ్ చేయించాలంటే అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ (ఈ చట్టం అమలు చూసే ప్రభుత్వ అధికారి) అనుమతి కావాలి, అదీ శిక్షణకో ప్రజాప్రయోజనానికో అవసరమని ఆయనకు నమ్మకం కలిగితేనే. ఫ్యాక్టరీలో కార్మికులకున్న ఆరోగ్య, భద్రతా నిబంధనలు అప్రెంటిస్‌కీ వర్తిస్తాయి. శిక్షణలో దెబ్బ తగిలితే పరిహారం యజమాని ఇవ్వాలి.

రెండో వైపు కూడా చెప్పాలి. చట్టం దృష్టిలో అప్రెంటిస్ నేర్చుకునే మనిషే తప్ప కార్మికుడు కాడు. అందుకే పీఎఫ్, ఈఎస్ఐ ఉండవు. చేరాక "మావాడికి పీఎఫ్ కట్టడంలేదు, మోసం చేశారు" అని వచ్చేవాళ్ళున్నారు. అది మోసం కాదు, పద్ధతే అంత.

మా దగ్గర చదివిన ఓ కుర్రాడు లేబర్ కాంట్రాక్టర్ మాట నమ్మి ఒకచోట "ట్రైనీ"గా చేరాడు. నాలుగో నెలలో ప్రెస్ కింద వేలు నలిగింది. కంపెనీని అడిగితే కాంట్రాక్టర్ మనిషన్నారు, కాంట్రాక్టర్ ఫోన్ స్విచాఫ్. వాడి చేతిలో చిన్న కాగితం ముక్క కూడా లేదు. నమోదైన కాంట్రాక్టే ఉండి ఉంటే నేనే అడ్వైజర్ ఆఫీసుకు వెళ్ళి కూర్చునేవాణ్ణి. ఆ రోజు నుంచి, కాంట్రాక్టు నమోదు నంబరు నా రిజిస్టర్‌లో రాసుకోకుండా ఏ పిల్లవాడినీ పంపించడంలేదు.

అపోహ: అప్రెంటిస్‌షిప్ పూర్తయితే ఉద్యోగం ఖాయం.

వాస్తవం: ఖాయం కాదు. ఇళ్ళల్లో ఎక్కువ బాధ పెట్టేది ఈ నమ్మకమే, కాబట్టి మెత్తగా చెప్పను. పూర్తిచేసినవాళ్ళను తీసుకునే విషయంలో యజమాని తన విధానం తానే తయారుచేసుకోవాలని చట్టం అంటుంది. అందరినీ తీసుకోవాలని ఎక్కడా అనదు. ఒక్క మినహాయింపు ఉంది: పూర్తయ్యాక ఇక్కడే పనిచేయాలన్న షరతు కాంట్రాక్టులో ఉంటే, తగిన ఉద్యోగం ఇవ్వాల్సిన బాధ్యత యజమానిపైనా పడుతుంది. కాంట్రాక్టును చివరి పేజీ దాకా చదవమని నేను పోరేది అందుకే.

రైల్వే సంగతి వేరుగా అడుగుతారు. రైల్వేలో యాక్ట్ అప్రెంటిస్ (అంటే ఈ చట్టం కింద చేసే అప్రెంటిస్‌షిప్) పూర్తిచేసినవాళ్ళకి లెవెల్-1, అంటే అన్నిటికంటే కింది స్థాయి, నియామకాల్లో 20 శాతం పోస్టులు కేటాయిస్తున్నారు. అది నిజంగా విలువైన అవకాశం. అయితే వాళ్ళూ కంప్యూటర్ పరీక్ష రాసి నెగ్గాల్సిందే. అప్రెంటిస్ చేస్తూ పుస్తకం మూసేసినవాడికి ఆ 20 శాతం అక్కరకు రాదు.

చేరబోయే చోట "పోయినేడు పూర్తిచేసిన పదిమందిలో ఎంతమందిని ఉంచుకున్నారు? మిగిలినవాళ్ళు ఇప్పుడెక్కడ ఉన్నారు?" అని అడగండి. సమాధానం సూటిగా రాకపోతే, రాలేదన్నదే మీకు సమాధానం.

అపోహ: పెద్ద కంపెనీ అయితే చాలు, సర్టిఫికెట్‌మీద పేరుంటుంది.

వాస్తవం: దీని గురించి నాకు చెప్పాల్సింది చాలా ఉంది.

ఒకే బ్యాచ్ నుంచి ఇద్దరిని పంపాను. ఒకడు అందరికీ పేరు తెలిసిన పెద్ద కర్మాగారంలో చేరాడు. ఇంకొకడికి అక్కడ రాలేదు. నలభైమంది పనిచేసే చిన్న మెషీన్ షాపులో చేరి, నెలరోజులు మొహం వేలాడేసుకుని తిరిగాడు. ఆరు నెలలకి ఇద్దరినీ, రోజూ చేసిన పని రాసుకునే డైరీలు పట్టుకురమ్మన్నాను. మొదటివాడి డైరీ తళతళలాడుతోంది. "మెటీరియల్ షిఫ్టింగ్", "షాప్ క్లీనింగ్", "టీమ్‌కి సాయం" అని మూడు నెలలపాటు ఈ మాటలే. సూపర్‌వైజర్ సంతకాలన్నీ ఒకే రోజు ఒకే పెన్నుతో పెట్టినవి. రెండోవాడి డైరీ అట్ట నూనె మరకలతో జిడ్డుగా ఉంది. మధ్య పేజీలో చేత్తో గీసిన షాఫ్ట్ (గుండ్రటి ఇరుసు కడ్డీ) బొమ్మ, 25 మిల్లీమీటర్ల వ్యాసం, కింది హద్దు 24.98. బొమ్మ కింద మూడు ముక్కలు రాసుకున్నాడు: "వేడిమీద కొలిచాను, 24.98 చూపించింది. చల్లారాక 24.96. రిజెక్ట్."

వేడికి లోహం వ్యాకోచిస్తుందని వాడు బళ్ళోనే చదివాడు. కొలిచేముందు జాబ్ (మెషీన్‌మీద చేస్తున్న లోహపు ముక్క) చల్లారనివ్వాలని నేనూ క్లాసులో పదిసార్లు చెప్పాను. కానీ తన చేత్తో తిప్పిన జాబ్ తుక్కు డబ్బాలో పడ్డ రోజున గానీ ఆ మాట వాడి ఒంటికి పట్టలేదు. పక్కన నిలబడి "మైక్రోమీటర్ పెట్టేముందు చెయ్యి పెట్టి చూడరా" అన్న మేస్త్రీ ఉన్నాడు కాబట్టి పట్టింది. నేను ఎవరు నేర్పుతారని అడగమనేది ఆ మేస్త్రీ గురించే.

అలాగని పెద్ద సంస్థలు వద్దనడంలేదు. విశాఖ నేవల్ డాక్‌యార్డ్‌కి అప్రెంటిస్‌ల కోసం సొంత స్కూలే ఉంది. సెక్షన్ తర్వాత సెక్షన్ మారుస్తూ, ఏ నెల ఎక్కడ ఉంటారో ముందే రాసిచ్చే చోట పెద్ద సంస్థని మించింది లేదు. ఆ కాగితం ఉందా లేదా అన్నది చూడాలి. అది లేకపోతే పెద్ద పేరున్నా లాభం లేదు.

దీన్ని కనుక్కునే దారి హెచ్‌ఆర్ గదిలో దొరకదు. షిఫ్ట్ దిగే వేళకి గేటు బయట నిలబడండి. యూనిఫామ్‌లో వచ్చే అప్రెంటిస్‌లని పలకరించండి. "నిన్న నువ్వు సొంతంగా చేసిన పనేంటి తమ్ముడూ?" అని అడగండి. మెషీన్ పేరో, జాబ్ పేరో చెబితే సంతోషం. "ఏదుంటే అది చేస్తాం అన్నా" అన్నారంటే ఇంకో ఇద్దర్ని అడిగి చూడండి. ఒక సీనియర్ దగ్గర ఎంతమంది ఉన్నారు, థియరీ క్లాసు ఏ రోజు పెడతారు అన్నవి కూడా అక్కడే తెలుస్తాయి.

అపోహ: స్టైఫండ్ ఎక్కువ ఇచ్చే చోటే మంచిది.

వాస్తవం: ముందు లెక్క తెలుసుకోండి. 2019లో సవరించిన నిబంధనల ప్రకారం నెలకు కనీస స్టైఫండ్ 5 నుంచి 9 తరగతులు చదివినవాళ్ళకి 5,000 రూపాయలు, పదో తరగతికి 6,000, ఇంటర్‌కీ ఐటీఐకీ 7,000, డిప్లొమాకి 8,000, డిగ్రీకి 9,000. రెండో ఏడాది 10 శాతం, మూడో ఏడాది 15 శాతం పెరుగుతుంది. దీన్ని 36 శాతం పెంచాలని 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ కౌన్సిల్ సిఫార్సు చేసింది. కాబట్టి చేరే రోజుకి అమల్లో ఉన్న అంకె పోర్టల్‌లో చూసుకుని, కాంట్రాక్టులో అంతకు తగ్గకుండా ఉందో లేదో సరిపోల్చుకోండి. ఇవి కనీసాలు మాత్రమే, యజమాని ఎక్కువ ఇవ్వొచ్చు.

ఇంకో చిక్కు. 2016 ఆగస్టులో మొదలైన నేషనల్ అప్రెంటిస్‌షిప్ ప్రమోషన్ స్కీమ్‌లో ఉన్న సంస్థల్లో స్టైఫండ్‌లో 25 శాతాన్ని, నెలకు 1,500 రూపాయలు మించకుండా, కేంద్రమే భరిస్తుంది. 2023 నుంచి ఆ భాగం నేరుగా అప్రెంటిస్ ఖాతాలో పడుతోంది. అంటే డబ్బు రెండు చోట్ల నుంచి వస్తుంది. "కంపెనీ తక్కువేసింది" అని గొడవపడేముందు పాస్‌బుక్ రెండుసార్లు చూడాలి. ఖాతాకి ఆధార్ లింక్ లేక నెలలతరబడి ఆ భాగం పడనివాళ్ళని చూశాను.

ఇక పోలిక. ఇంటినుంచి సైకిల్‌మీద వెళ్ళివచ్చే చోట 7,000 ఇస్తే, చేతికి దాదాపు అంతా మిగులుతుంది. వేరే ఊళ్ళో 9,500 ఇచ్చినా గదికి, తిండికి, బస్సుకి 5,000 పోతే మిగిలేది 4,500. కానీ ఆ ఊళ్ళో సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) మెషీన్‌మీద కూర్చోబెడతారని తేలితే, నేను ఆ 4,500కే వెళ్ళమంటాను. ఏడాది తర్వాత అడిగే జీతం ఆ చేతి పనినిబట్టే ఉంటుంది.

అపోహ: సిఫార్సో డబ్బో లేకపోతే సీటు రాదు.

వాస్తవం: రైల్వే యాక్ట్ అప్రెంటిస్‌కి రాతపరీక్ష ఉండదు. పదో తరగతి మార్కులు, ఐటీఐ మార్కులు కలిపి మెరిట్ తీస్తారు. లాలాగూడ, రాయనపాడు, తిరుపతి వర్క్‌షాపులకి వెళ్ళిన మా పిల్లలందరూ అలా వెళ్ళినవాళ్ళే. దరఖాస్తు రుసుము 100 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ అభ్యర్థులకీ మహిళలకీ అదీ లేదు. నేవల్ డాక్‌యార్డ్ రాతపరీక్ష పెడుతుంది. ఐటీఐవాళ్ళు అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో, డిప్లొమా, డిగ్రీవాళ్ళు కేంద్ర విద్యాశాఖ నడిపే నాట్స్ (నేషనల్ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ స్కీమ్) పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. నాట్స్‌ని చూసే దక్షిణాది బోర్డు చెన్నైలో ఉంది.

పోర్టల్‌లో పేరు పెట్టి ఇంట్లో కూర్చుంటే పిలుపు రాదు. చాలామందికి తెలియని నియమం ఒకటుంది: 30మంది, ఆపైన పనిచేసే సంస్థ ఏదైనా తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను పెట్టుకోవాలి. ఈ లెక్కలో కాంట్రాక్టు మనుషులు కూడా కలుస్తారు. 4 నుంచి 29 మంది ఉన్నచోట యజమాని ఇష్టం. మీ దగ్గర్లోని పారిశ్రామికవాడలో 30 దాటిన సంస్థల జాబితా రాసుకోండి. వారానికి నాలుగు గేట్లు ఎక్కండి, మార్కుల కాపీ, పోర్టల్ నమోదు కాపీ చేతిలో పెట్టుకుని. "మీకెలాగూ అప్రెంటిస్‌లు కావాలి కదా సార్" అన్న మాట అడుక్కోవడం కాదు, చట్టం చెప్పిన మాటే. మధ్యలో ఎవరైనా సీటు ఇప్పిస్తానని, నేర్పడానికి ఫీజని డబ్బడిగితే అక్కడినుంచి లేచి వచ్చేయండి. అప్రెంటిస్‌షిప్‌లో డబ్బు యజమాని నుంచి పిల్లవాడికి వస్తుంది, ఎదురు వెళ్ళదు.

అపోహ: నచ్చకపోతే మానేసి ఇంకోచోట చేరొచ్చు.

వాస్తవం: ప్రభుత్వరంగ సంస్థల నోటిఫికేషన్లు అడుగుదాకా చదవండి. ఇదివరకే అప్రెంటిస్‌షిప్ చేసినవాళ్ళు, చేస్తున్నవాళ్ళు అనర్హులని రాసి ఉంటుంది. ఏడాది, ఆపైన ఉద్యోగానుభవం ఉన్నవాళ్ళకి నాట్స్‌లోనూ అవకాశం లేదు. ఖాళీగా ఎందుకని దొరికినచోట చేరిపోయి, రెండు నెలలకి రైల్వే పిలుపొచ్చాక మా దగ్గరికి పరిగెత్తుకొచ్చేవాళ్ళు ప్రతి ఏడూ ఉంటారు. అప్పుడు నేను చేయగలిగింది తక్కువ. యజమాని కాంట్రాక్టు ప్రకారం నేర్పడంలేదంటే మాత్రం మానెయ్యకండి. ముందు అడ్వైజర్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. వివాదాలు తేల్చే అధికారం ఆయనకే ఉంది.

అపోహ: ఫిట్టర్, వెల్డర్ అప్రెంటిస్‌లు అమ్మాయిలకు కుదరవు.

వాస్తవం: చట్టంలో అలాంటి గీత లేదు. నా క్లాసులో వైస్ దగ్గర ఆకురాయి పట్టి సమతలం తీయడంలో అందరికంటే ఓపికగా నిలబడింది ఓ అమ్మాయే. ఇంట్లోవాళ్ళ భయం నాకు అర్థమవుతుంది. దానికి మందు ప్రశ్నలే: రాత్రి షిఫ్ట్ ఉందా, విడిగా మరుగుదొడ్డి ఉందా, ఇంకెంతమంది ఆడవాళ్ళు పనిచేస్తున్నారు? ఒకరోజు తండ్రీ కూతురూ కలిసి వెళ్ళి చూసి రండి.

అపోహ: పదకొండు నెలలు చేశాం, పని వచ్చేసింది, ఇంక పరీక్షెందుకు?

వాస్తవం: ఇక్కడే చాలామంది చేతిదాకా వచ్చింది జారవిడుచుకుంటారు. బయట ఎవరో పన్నెండు వేలిస్తామంటే చివరి నెలలో వెళ్ళిపోతారు. శిక్షణ చివర పెట్టే ఆలిండియా ట్రేడ్ టెస్ట్ పాసైతేనే నేషనల్ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది. నాట్స్‌లో చేసినవాళ్ళకి బోర్డు ఇచ్చే ప్రొఫిషియెన్సీ సర్టిఫికెట్ వేరు. రైల్వే 20 శాతం అడిగేది ఆ నేషనల్ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్‌నే. అది లేకపోతే మీరు చేసిన ఏడాదిని కాగితం మీద ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

హాల్‌టికెట్ రాగానే పేరు, తండ్రి పేరు, పుట్టినతేదీ పదో తరగతి మెమోతో అక్షరం అక్షరం సరిచూసుకోండి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక ఉంటే సర్టిఫికెట్ల పరిశీలన రోజున ఆపేస్తారు. దిద్దించాలంటే పరీక్షకు ముందు మీ సంస్థ లాగిన్‌లోనే అయిపోతుంది, సర్టిఫికెట్ అచ్చయ్యాక నెలలు పడుతుంది.