పస్తుల తర్వాత పెట్టే తిండి: అపోహలు - వాస్తవాలు

పర్లాకిమిడిలో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. వార్డులో తరచూ వినే మాట: "పది రోజులైంది మేడమ్ మెతుకు ముట్టి, ఇక కడుపునిండా పెట్టేస్తాం." ప్రేమతో అనే మాటే, నాకు మాత్రం టెన్షన్ అక్కడే మొదలవుతుంది.

అపోహ: ఎంత ఎక్కువ పెడితే అంత త్వరగా కోలుకుంటారు.

వాస్తవం: తిండి లేనన్నాళ్ళూ ఒళ్ళు తన కొవ్వునీ కండనీ కరిగించుకుని నెట్టుకొస్తుంది, లోపల ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం అడుగంటుతాయి. అప్పుడు ఒక్కసారిగా అన్నం పడితే ఇన్సులిన్ పెరిగి, రక్తంలో మిగిలిన ఆ కాస్తనీ కణాల్లోకి లాగేస్తుంది. గుండె లయ తప్పొచ్చు, ఊపిరి తీసే కండరాలు నీరసించొచ్చు, ఫిట్స్ రావచ్చు. దీన్నే రీఫీడింగ్ సిండ్రోమ్ అంటాం. ఎక్కువగా మొదటి ఐదు రోజుల్లోనే బయటపడుతుంది.

గుణుపురం వైపు నుంచి ఒకాయన వచ్చారు. తాగుడు అలవాటు, రెండు వారాలుగా వాంతులు, చోడి అంబలి కూడా నిలవలేదు. వాంతులు తగ్గాయని కూతురు క్యారేజీ నిండా అన్నం, కోడికూర తెచ్చి ముద్దలు కలిపి పెట్టింది. రెండో రోజుకి పాదాలు ఉబ్బాయి. "నాన్నకి ఒళ్ళు చేసింది మేడమ్" అని సంబరంగా చూపించింది. వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోయింది. అది నీరు. ఫాస్ఫేట్ బాగా పడిపోయింది, సరిచేశాక కోలుకున్నారు. ఆ పిల్లకి ముందే చెప్పాల్సింది నేను. అప్పటినుంచి క్యారేజీ మూత తీయకముందే చెబుతున్నాను.

అపోహ: గ్లూకోజ్ సీసా ఎక్కిస్తే బలం.

వాస్తవం: ఐదు శాతం గ్లూకోజ్ అర లీటరు సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర, సుమారు 100 కేలరీలు. పైగా థయమిన్, అంటే విటమిన్ బి1, లేని ఒంట్లోకి గ్లూకోజ్ వెళితే మెదడు దెబ్బతినొచ్చు. అందుకే ముందు థయమిన్ ఇవ్వాలి.

అపోహ: మొదటి రక్తపరీక్ష నార్మల్, ఇక భయం లేదు.

వాస్తవం: నిల్వలు ఖాళీ అయినా మొదట రక్తంలో అంకెలు బాగానే కనిపిస్తాయి. తిండి మొదలయ్యాకే పడిపోతాయి, కాబట్టి మళ్ళీ మళ్ళీ చూడాలి.

అపోహ: బక్కవాళ్ళకే ఇది వస్తుంది.

వాస్తవం: లావుగా ఉన్నవాళ్ళు పది రోజులకు పైగా తినకపోయినా ప్రమాదమే. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ ఏకాదశి ఉపవాసానికి మాత్రం ఈ భయం అక్కర్లేదు.

రోజుల తరబడి తిండి లేక ఈ ప్రమాదంలో ఉన్న పెద్దవాళ్ళకి ఆసుపత్రిలో సాధారణంగా కిలో బరువుకి రోజుకి 10 కేలరీలకు మించకుండా మొదలుపెట్టి, వారంలోగా పెంచుకుంటూ పోతాం. 45 కిలోల మనిషికి 450 అన్నమాట.

పోషణ లోపం బాగా ముదిరిన పిల్లలకి ఎన్‌ఆర్‌సీలో, అంటే పోషకాహార పునరావాస కేంద్రంలో, మొదట ఇచ్చేది ఎఫ్-75 పాలు, 100 మిల్లీలీటర్లకి 75 కేలరీలు, రెండు మూడు గంటలకోసారి, రాత్రుళ్ళు కూడా. "ఈ నీళ్ళపాలతో బిడ్డ ఏం లేస్తాడు?" అని అమ్మమ్మలు కోప్పడతారు. ఆకలి తిరిగొచ్చి, వాపు తగ్గడం మొదలయ్యాకే, అమ్మా, చిక్కటి పాలకి మారుస్తాం.