బరంపురం బల్ల మీద చెల్లని కార్డు

2025 వేసవిలో ఒక ఆదివారం. ఒడిశా సరిహద్దు వైపు బరంపురంలో చిన్న హాలు, నాలుగు ప్లాస్టిక్ బల్లలు, పదహారు కుర్చీలు, పోకెమాన్ కార్డుల పోటీ. ఆట మొదలయ్యేలోపు పిల్లల డెక్‌లు, అంటే ఆటకు కూర్చుకున్న కార్డుల కట్టలు, చూసి లోపలికి పంపే పని నాది. పర్లాకిమిడి నుంచి తెల్లవారుజామున బస్సెక్కి తాతగారితో వచ్చిన పదేళ్ల కుర్రాడు నా ముందు డబ్బా మూత తీశాడు. అరవైకి అరవై కార్డులూ బంగారు రంగు ప్లాస్టిక్‌వే, తళతళలాడుతున్నాయి. ఒక్కటీ అసలుది కాదు.

"ఇవి చెల్లవు నానా" అన్నాను. వాడేమీ అనలేదు. తాతగారే అడిగారు: "డబ్బులెట్టే కొన్నాం కదండీ బాబూ. సెల్లకపోడమేటి?"

"రూల్ అలా ఉందండీ" అన్నాను. అది జవాబు కాదని అంటున్నప్పుడే తెలుసు. రూల్ ఎందుకలా ఉందో, ఎవరి కోసం పుట్టిందో చెప్పగలిగి ఉండాల్సింది. ఆ రోజు చెప్పలేకపోయిన జవాబే ఇది.

ఈ రకం ఆటలకు మూలపురుషుడు రిచర్డ్ గార్‌ఫీల్డ్ అనే గణిత శాస్త్రవేత్త. ఆయన తయారుచేసిన 'మ్యాజిక్: ది గ్యాదరింగ్'ను విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కంపెనీ 1993 ఆగస్టులో విడుదల చేసింది. అప్పుడు చెల్లని కార్డు అన్నదే లేదు. డెక్‌లో కనీసం 40 కార్డులుంటే చాలు. ఒకే కార్డు ఎన్ని దొరికితే అన్ని పెట్టుకోవచ్చు. ఎవరైనా నాలుగైదు ప్యాకెట్లు కొంటారు, బలమైన కార్డు పేటకి ఒకటో రెండో ఉంటుంది, దాన్ని చూసి అందరూ ఆశ్చర్యపోతారు అని ఆయన అంచనా. జనం మాత్రం పెట్టెలకు పెట్టెలు కొన్నారు. డబ్బున్నవాడి డెక్‌లో బలమైన కార్డులే బారులు తీరాయి, అవతలివాడికి ఒక్క ఎత్తు వేసే అవకాశం కూడా దక్కకుండానే ఆటలు ముగిసిపోయేవి.

అందుకే 1994 జనవరిలో మొదటి నిషేధ జాబితా వచ్చింది. కొన్ని కార్డులు అసలు పనికిరావన్నారు. బ్లాక్ లోటస్ లాంటి బలమైన కార్డులను డెక్‌కు ఒక్కటే ఉంచుకోమన్నారు. డెక్‌కు కనీసం 60 కార్డులు, ఒక పేరుతో నాలుగుకు మించకూడదు అన్న పద్ధతి కూడా ఆ తొలి రోజుల్లోనే స్థిరపడింది. ఇవాళ బరంపురంలో పదేళ్ల పిల్లాడు కూడా నాలుగు వేళ్లు చూపించి చెప్పే ఈ లెక్క వెనుక ఉన్నది ఒక్కటే కోరిక. డబ్బు ఒక్కటే ఆట గెలిపించకూడదు.

ఆ తొలి జాబితాలో నిషేధించిన కార్డుల్లో పందెం కార్డులున్నాయి. మొదట్లో మ్యాజిక్‌లో ఐచ్ఛికంగా ఒక నియమం ఉండేది. ఆటకు ముందు ఇద్దరూ చెరొక కార్డు పక్కన పెట్టాలి, గెలిచినవాడు రెండూ పట్టుకుపోవాలి. ఆ పందెంతో ముడిపడిన కార్డులను పోటీల నుంచి తీసేశారు. 1995 తర్వాత అలాంటివి కొత్తగా అచ్చు వేయడం కూడా మానేశారు.

ఈ సంగతి మన సరిహద్దు ఊళ్లలో గట్టిగా చెప్పుకోవాలి. ముక్కలు చేతబట్టి కూర్చుంటే మనవాళ్ల కంటికి కనబడేది పేకాటే. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అని సుప్రీంకోర్టు 1968లోనే చెప్పింది. నేర్పు ఆటలను మినహాయించే నిబంధన చాలా రాష్ట్రాల జూద చట్టాల్లో కనిపిస్తుంది. 1955 నాటి ఒడిశా జూద నిరోధక చట్టంలో మాత్రం అది విడిగా రాసి లేదు. అందుకని ఇచ్ఛాపురం గేటు దాటి ఇటు వచ్చి పోటీ పెట్టేవాళ్లు ప్రవేశ రుసుము దగ్గరా బహుమతి దగ్గరా రెండింతలు జాగ్రత్త పడాలి. నగదు బహుమతి పెట్టొద్దు, పిల్లల మధ్య కార్డుల పందెం కట్టనివ్వొద్దు అని నేను ప్రతిసారీ పట్టుబట్టేది ఇందుకే. నిర్వాహకులకు ఇది చాదస్తంలా అనిపిస్తుందని తెలుసు. అయినా ఈ ఒక్క విషయంలో నేను తగ్గను.

ముక్కల ఆటకు కట్టుబాట్లు మన నేలకు కొత్తేమీ కాదు. గంజాం, పర్లాకిమిడి ప్రాంతాల్లో పాతతరం ఆడిన గంజప ఉంది. చింతగింజల జిగురు పట్టించి గట్టిపరిచిన గుడ్డను గుండ్రంగా కోసి బొమ్మలు గీస్తారు. దశావతార గంజపలో పది రంగులు, రంగుకు పన్నెండు చొప్పున 120 ముక్కలు. పగలు ఆడితే రాముడి రంగుతో మొదలు, రాత్రి ఆడితే కృష్ణుడి రంగుతో మొదలు. అంకె ముక్కల్లో సగం రంగులకు పది పెద్దది, మిగతా సగానికి ఒకటి పెద్దది. ముక్క అదే, పొద్దును బట్టి దాని వంతు మారిపోయేది. తెలంగాణలోని నిర్మల్‌లోనూ ఈ గంజీఫా ముక్కలు గీసే చిత్రకారులుండేవారు. నిన్న చెల్లిన కార్డు ఇవాళ ఎందుకు చెల్లదని అడిగే పెద్దవాళ్లకు నేను మొదట చెప్పేది ఈ రాముడు, కృష్ణుడి సంగతే. వెంటనే తలూపుతారు.

కార్డులకు గడువు పెట్టే పద్ధతి 1995 మొదట్లో మ్యాజిక్‌లోనే వచ్చింది. రెండేళ్లు తిరక్కుండానే పాత కార్డులు దుకాణాల్లో దొరకడం మానేశాయి, ధరలు చెట్టెక్కాయి. కొత్తగా వచ్చిన కుర్రాడు ఎంత ఖర్చుపెట్టినా మొదటి ఏడాది ఆటగాడిని అందుకోలేకపోయాడు. అప్పుడు 'టైప్ 2' పేరుతో ఒక విభాగం పెట్టి, ఇటీవలి సెట్ల, అంటే ఈమధ్య విడుదలైన విడతల, కార్డులే అందులో చెల్లుతాయన్నారు. దాన్నే ఇప్పుడు స్టాండర్డ్ అంటున్నారు. అంటే ఈ గడువు ఆలస్యంగా వచ్చినవాడి పక్షాన పుట్టింది. ప్యాకెట్లు దొరక్క ఆలస్యంగా మొదలుపెట్టే మన పర్లాకిమిడి, రాయగడ, గుణుపురం పిల్లలకు నిజానికి ఇదే అండ కావాలి. కానీ ఇక్కడ దసరా డబ్బులు పోగుచేసుకుని కొన్న కార్డు రెండేళ్లకే పెట్టెలో పడుకుంటుంది, ఆ బాధా నిజమే. మ్యాజిక్‌లో స్టాండర్డ్ గడువును 2023లో మూడేళ్లకు పెంచారు.

గడువు ఒక్కటే సరిపోని సందర్భాలూ వచ్చాయి. 2005 మార్చిలో స్టాండర్డ్ నుంచి ఒకే రకం డెక్‌కు చెందిన ఎనిమిది కార్డులను ఒకేసారి తీసేశారు. ఎక్కడ చూసినా అదే డెక్, జనం ఆడటానికి రావడమే తగ్గించారు. పోకెమాన్‌లో 2015లో లైసాండ్రేస్ ట్రంప్ కార్డును నిషేధించారు. అది వాడిపారేసిన కార్డులన్నిటినీ మళ్లీ డెక్‌లోకి చేర్చేది, ఆట తెమిలేది కాదు.

పోకెమాన్ కార్డులు జపాన్‌లో 1996లో వచ్చాయి, ఇంగ్లీషులో 1999 జనవరిలో. మొదట ఇంగ్లీషు కార్డులను అచ్చువేసింది మ్యాజిక్ కంపెనీయే. 2003లో ఆ పని పోకెమాన్ సంస్థ తన చేతుల్లోకి తీసుకుంది. మా తరానికి మాత్రం పోకెమాన్ అంటే టీవీ బొమ్మలు, చిప్స్ ప్యాకెట్లో దొరికే గుండ్రటి టాజోలు. అసలు కార్డు కంటే నకిలీ కార్డే మా ఊరికి ముందు చేరింది. పెన్సిళ్లు, రబ్బర్లు అమ్మే దుకాణంలో వేలాడే ఆ రంగు ప్యాకెట్లే అసలువని రెండు తరాల పిల్లలు నమ్మారు. ఇందులో పిల్లల తప్పు ఏమాత్రం లేదు.

గడువులో ఉన్న కార్డును గుర్తుపట్టడానికి 2020 నుంచి ఒక మంచి దారి ఏర్పడింది. పోకెమాన్ స్వోర్డ్ అండ్ షీల్డ్ సెట్ల నుంచి దాదాపు ప్రతి కార్డు కింద ఎడమ మూల చిన్న పెట్టెలో ఒక అక్షరం ఉంటుంది. ఫలానా అక్షరం నుంచి చెల్లుతుంది అంటే సరిపోతుంది. 2025 ఏప్రిల్‌లో 'ఎఫ్' అక్షరం కార్డుల గడువు తీరింది. సెట్ల పేర్లు బట్టీ పట్టాల్సిన పని లేదు, చదువు రాని తల్లి కూడా అక్షరం ఆకారం చూసి పోల్చుకోగలదు. ఇంకో సౌకర్యం కూడా ఉంది, చాలామందికి తెలియదు. పాత కార్డు అదే పేరుతో, అదే పనితో కొత్త అక్షరంతో మళ్లీ అచ్చయితే పాతదీ చెల్లుతుంది. ఇది తెలియక, ఇంట్లో అన్న వదిలేసిన కార్డులతో వచ్చిన పిల్లలను వెనక్కి పంపిన పోటీలు చూశాను. ఆ పిల్లలకు అన్యాయం జరిగింది.

బంగారు కార్డుల దగ్గరికి మళ్లీ వస్తాను. అవి నకిలీవి కావడం ఒక కారణం మాత్రమే. 2021లో పోకెమాన్ సంస్థ స్వయంగా బంగారు రంగు లోహపు కార్డులు విడుదల చేసింది. అవి అసలువే, ఖరీదైనవే, అయినా పోటీలో చెల్లవు. 1993 చివర్లో మ్యాజిక్ కంపెనీ సేకరణ కోసం అచ్చువేసిన ప్రత్యేక కార్డులూ అంతే, వాటి మూలలు గుండ్రంగా ఉండవు. డెక్‌లో ఉన్న కార్డు ఏదో వేలికి తెలిసిపోతే అది ఆట కాదు. వెనుక నుంచి చూసినా, తడిమినా అన్ని కార్డులూ ఒక్కలా ఉండాలి.

ఇక్కడ మా వాతావరణం గురించి చెప్పాలి. గోపాలపురం సముద్రం నుంచి వచ్చే తేమకు మెరుపు కార్డులు వంకర తిరుగుతాయి. ఒకవైపు పల్చటి మెరుపు పొర, మరోవైపు కాగితం. కాగితం తేమ పీల్చి సాగుతుంది, పొర సాగదు. జూలైలో కార్డు అప్పడంలా వంగి, డెక్‌లో ఎక్కడుందో దూరం నుంచే కనిపిస్తుంది. నియమాల ప్రకారం అది గుర్తు పెట్టిన కార్డే. కుర్రాడు ఏ మోసమూ చేయలేదు, చేసింది వానాకాలం. మందపాటి స్లీవ్‌లు (ప్లాస్టిక్ తొడుగులు) వేయించి, బరువు కింద పెట్టించి ఆడనివ్వడమే నేను చేసేది. అదే వంపు ముఖ్యమైన నాలుగు కార్డులకే ఉండి మిగతావి నిటారుగా ఉంటే అప్పుడు మాట వేరు.

నకిలీల విషయంలో పిల్లలనే అనుమానించడం నాకు నచ్చదు. యూ-గీ-ఓ అనే మరో ఆట కార్డులను అమెరికాలో పంపిణీ చేసిన అప్పర్ డెక్ కంపెనీయే నకిలీలు అచ్చు వేయించిందని, హక్కుదారు కొనామి వేసిన దావాలో 2010 నాటికి తేలింది. అంత పెద్దచోట జరిగినప్పుడు పర్లాకిమిడి బజారులో జరగడంలో వింతేముంది?

అమలు చేసేవాళ్ల చరిత్ర కూడా కొంత చెప్పాలి. మ్యాజిక్‌లో జడ్జీలకు పరీక్షలు, స్థాయిలు చాలా ఏళ్లుగా ఉన్నాయి. 2019లో ఆ బాధ్యత జడ్జ్ అకాడమీ అనే విడి సంస్థకు వెళ్లింది, 2023లో అది మూతపడింది. పోటీలకు మూడు స్థాయిలు పెట్టారు: రెగ్యులర్, కాంపిటీటివ్, ప్రొఫెషనల్. ఊళ్లో జరిగే ఆట రెగ్యులర్. అక్కడ జడ్జి పని నేర్పడం, పొరపాటు సరిదిద్దడం, ఆట సాగనివ్వడం. హెచ్చరికలు, గేమ్ కోల్పోవడం లాంటి శిక్షల పట్టిక పై స్థాయి పోటీల కోసం రాసింది. మన దగ్గర ఇది తలకిందులైంది. దగ్గర్లో జడ్జి లేడు, విశాఖ వెళ్లాలంటే రైల్లో నాలుగైదు గంటలు. ఎవరో ఇంటర్నెట్‌లో పెద్ద పోటీల పట్టిక చదివి వచ్చి, కార్డు ఒకటి ఎక్కువ తీసినందుకు ఎనిమిదేళ్ల పాపను ఓడిపోయినట్టు ప్రకటించేస్తాడు. అదే పొరపాటు తన స్నేహితుడు చేస్తే "పర్లేదు రా" అంటాడు. కఠినత్వం కంటే ఈ రెండు నాల్కల తీరే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

నిర్ణయం చేసేవాళ్ల మీద పడే ఒత్తిడి కూడా చిన్నది కాదు. 2024 సెప్టెంబరులో మ్యాజిక్ కమాండర్ విభాగాన్ని చూసుకునే స్వచ్ఛంద కమిటీ నాలుగు కార్డులను నిషేధించింది. వాటిలో బాగా ఖరీదైనవి ఉన్నాయి. సభ్యులకు బెదిరింపులు వచ్చాయి. వారం తిరిగేసరికి ఆ బాధ్యతను కంపెనీకి అప్పగించి తప్పుకున్నారు.

మా బల్లల దగ్గర ఇంకో చిక్కు భాషది. కార్డు ఇంగ్లీషులో, వాదన తెలుగులో, పక్క బల్ల మీద ఒడియాలో. యూ-గీ-ఓలో కార్డు మీద 'వెన్' అని ఉండి చేయడం ఆటగాడి ఇష్టానికి వదిలేస్తే, సరిగ్గా ఆ సంఘటన జరిగిన క్షణంలోనే ఆ పని చేయాలి. మధ్యలో ఇంకోటి జరిగితే అవకాశం పోయినట్టే. 'ఇఫ్' అని ఉంటే అలా పోదు. 2011లో కార్డుల మీద వాక్యాల తీరును సవరించాక ఈ తేడా మరింత స్పష్టమైంది. మనకు ఇది కష్టమేం కాదు. 'చచ్చినప్పుడు', 'చస్తే' అని రెండు మాటలున్నాయి కదా. ఒకసారి ఇలా తెలుగులో చెప్పాక, ఆ వాదన మా దగ్గర మళ్లీ రాలేదు.

ఆ ఆదివారం తర్వాత మేం పిలుపు పంపే పద్ధతి మార్చాం. ఏ విభాగం, ఏ అక్షరం నుంచి చెల్లుతుందో తెలుగులోనూ ఒడియాలోనూ రాసి, కార్డు మూల ఫొటోతో వారం ముందే వాట్సాప్‌లో పెడుతున్నాం. అరువు ఇవ్వడానికి రెండు డెక్‌లు సిద్ధంగా ఉంచుతున్నాం. ఆ రోజు పర్లాకిమిడి కుర్రాడు నా సొంత డెక్‌తో ఆడాడు. నాలుగు ఆటల్లో ఒకటి గెలిచాడు. వెళ్లేముందు నా కార్డు ఒకటీ తనదొకటీ ట్యూబ్‌లైటుకు అడ్డంపెట్టి చాలాసేపు చూశాడు.

నెల తర్వాత తాతగారు ఫోన్ చేశారు. ఏదో దుకాణంలో ప్యాకెట్ కొన్నారట. కళ్లజోడు పెట్టుకుని కార్డు మూల చదివి వినిపించారు.

"హెచ్ అని రాసుందండీ బాబూ. ఇది సెల్లుద్దా?"

"చెల్లుతుందండీ" అన్నాను.