బరువంతా తాడులోనే

భీమిలి నుంచి ఒక పాఠకుడు అడిగారు: "మా బావ విదేశం నుంచి ఫ్లై ఫిషింగ్ రాడ్డు, రీలు తెచ్చాడు. మామూలు నైలాన్ దారం చుట్టి, గోస్తని సముద్రంలో కలిసే చోట ఎంత విసిరినా కొక్కెం కాళ్ల దగ్గరే పడుతోంది. ఎందుకండీ?"

పక్కనున్నవాళ్లు ఆయన చెయ్యి మంచిది కాదన్నారట. హస్తవాసికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. దారం తప్పు, అంతే.

మన జాలర్లు గాలం వేసేటప్పుడు దారానికి సీసం గుండు కడతారు. గుండు ఎగురుతుంది, దారం దాని వెంట పోతుంది. ఫ్లైకి ఆ గుండు లేదు. పురుగులాగో చిన్న చేపలాగో కనిపించేలా ఈకలు, పోగులు చుట్టిన కొక్కెం అది. ఈకను ఎంత బలంగా విసిరితే మాత్రం ఎంత దూరం పోతుంది? అందుకే బరువు తాడులోనే పెట్టారు.

ప్లాస్టిక్ పూత ఉన్న ఈ లావు తాడుకి నంబర్లుంటాయి. మొదటి 30 అడుగుల బరువే ఆ నంబరుకి లెక్క. 5వ నంబరుకి 140 గ్రెయిన్లు, అంటే సుమారు 9 గ్రాములు. కంసాలి గురివింద గింజల్లో చెప్పాలంటే దాదాపు 75 గింజలు! 8వ నంబరుకి 210 గ్రెయిన్లు. రాడ్డు మీద ఏ నంబరుంటే ఆ తాడే కొనండి, ఆ బరువుకే రాడ్డు సరిగ్గా వంగి లేస్తుంది. పండుగప్పకైతే 8 బాగుంటుంది.

ఇక నాకు ప్రాణమైన సంగతి. ఎడ్లబండి తోలేవాళ్లు చెర్నాకోల గాలిలో ఝళిపిస్తే ఛెళ్లుమంటుంది కదా, అది ఎద్దుకి తగిలిన చప్పుడు కాదు. చేతి ఊపు ఒక మడతలా కొసవైపు పరుగెడుతుంది. మడత వెనక భాగం ఆగిపోతుంది, కదిలే భాగం తగ్గిపోతూ ఉంటుంది. ఉన్న శక్తంతా ఆ కొంచెం ద్రవ్యరాశికే దక్కుతుంది కాబట్టి వేగం పెరిగి, సెకనుకు సుమారు 340 మీటర్ల ధ్వని వేగాన్ని దాటేస్తుంది. ఆ ఛెళ్లు ఒక బుల్లి సోనిక్ బూమ్.

ఫ్లై తాడూ చెర్నాకోలే. పైవరస ముందుకు పోతుంది, కిందివరస రాడ్డు కొసను పట్టుకుని ఆగి ఉంటుంది, రెండింటి మధ్య మడత. ఆ మడత వేగం పైవరస వేగంలో సగం. మంచం మీద దుప్పటి మడిచి పైపొర అంచు లాగండి: అంచు రెండు జానలు కదిలితే మడత ఒక్క జానే కదులుతుంది. బడిలో సూత్రాలు బట్టీ పట్టించే ముందు ఇలా ఒక దుప్పటి పరిచి చూపిస్తే పిల్లలు ఎన్నటికీ మరిచిపోరు.

అయితే ఫ్లై తాడు ఛెళ్లుమనకూడదు. గాలి రాపిడి చాలా శక్తిని తినేస్తుంది, మిగిలింది ఫ్లైని నీటి మీద మెల్లగా దించడానికి సరిపోతుంది. మీ వెనక ఛెళ్లుమని వినిపించిందంటే, తాడు వెనక్కి పూర్తిగా చాచుకోకముందే మీరు ముందుకు విసిరారన్నమాట. ఫ్లై తెగిపోయిందేమో చూసుకోండి.

రాడ్డు ముక్కలు బిగించడం ఎవరికైనా వస్తుంది. రీలు మీద ముందు డాక్రాన్ బ్యాకింగ్ దారం చుట్టాలి, పెద్ద చేప లాక్కుపోతే అక్కరకొచ్చేది అదే. దానికి తాడు, తాడు కొసకి 9 అడుగుల లీడర్, అంటే తాడుకీ ఫ్లైకీ మధ్య కట్టే దారం. లీడర్ కూడా మొదట్లో లావుగా ఉండి కొసకి సన్నబడాలి. లావు తాడుకి ఒక్కసారిగా సన్న నైలాన్ ముడేస్తే ఊపు ముడి దగ్గరే చచ్చిపోయి, లీడర్ ఫ్లైతో సహా కుప్పలా పడుతుంది.

రాడ్డు రింగుల్లోకి ఎక్కించేటప్పుడు లీడర్ సన్న కొసతో కుస్తీ పట్టకండి. లావు తాడునే రెండుగా మడిచి ఆ మడతను ఎక్కించండి. చెయ్యి జారినా మడత విచ్చుకుని రింగులో ఆగిపోతుంది, మళ్లీ మొదటి నుంచి ఎక్కించే పని ఉండదు.