వెయ్యి పౌండ్ల రేసు కారు

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. రేసు కారు నడపాలంటే కోటీశ్వరుల ఇంట పుట్టి ఉండాలని మీలో చాలామంది అనుకుంటూ ఉంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. అయితే ఆ ఖర్చును తగ్గించాలనే పట్టుదలతో కొత్త తరగతి పోటీలనే, అంటే ఒకే నియమాలకు లోబడిన కార్లు మాత్రమే తలపడే పోటీలనే, ఆరంభించినవారు ఉన్నారు. అది వారికి ఎలా సాధ్యమైందో మీకు వివరంగా చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

1960ల్లో ఇంగ్లండులోని బ్రాండ్స్ హాచ్ ట్రాక్ మీద రేసు డ్రైవింగ్ నేర్పే బడి ఒకటి ఉండేది. రేసుల కోసమే చేసిన ఇంజన్లు, టైర్లు బడికి మోయలేని భారం కావడంతో, వాటికి బదులుగా రోడ్డు మీద తిరిగే ఫోర్డ్ కోర్టినా జీటీ కారులోని 1500 సీసీ ఇంజన్‌ను, మామూలు రోడ్డు టైర్లను వాడి చూశారు. ఆ ప్రయత్నం నుంచే ఫార్ములా ఫోర్డ్ అనే తరగతి పుట్టింది. తొలి పోటీ 1967 జూలై 2న అదే ట్రాక్‌లో జరిగింది. కారు ధర 1,000 పౌండ్లు మించకూడదన్నది మొదట్లో పెట్టుకున్న షరతు.

ఇనుప గొట్టాలతో చేసిన చట్రం, ఒకే రకం ఇంజన్, గాలి ఒత్తిడితో కారును నేలకు అదిమిపెట్టే రెక్కలు లేని బాడీ, ఇదీ ఆ కారు. ఈ చివరిది ఎంత మేలు చేసిందో చెప్పాలి. ముందు కారు గాలిని చీల్చుకుంటూ పోతున్నప్పుడు దాని వెనుక గాలి ఒత్తిడి తగ్గుతుంది కనుక, ఆ చోటులోకి చేరిన కారు అదే ఇంజన్‌తో మరింత వేగం అందుకుంటుంది. రెక్కలున్న కార్లకైతే మలుపుల్లో ఆ చెదిరిన గాలే శత్రువై, టైర్లకు నేల మీద పట్టు తగ్గిస్తుంది. రెక్కలు లేని ఈ కార్లు మలుపుల్లోనూ ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని పరుగెత్తగలవు. గెలుపు డబ్బు కంటే చేతి నేర్పు మీద ఎక్కువగా ఆధారపడుతుంది. తర్వాత ఫార్ములా వన్ ప్రపంచ విజేతలైన నైజల్ మాన్సెల్, అయిర్టన్ సెన్నా ఈ ఫార్ములా ఫోర్డ్‌లోనే రాటుదేలారు.

అయినా డబ్బు మరో దారి వెతుక్కుంది. ఫ్యాక్టరీలో తయారైన రెండు పిస్టన్లు తూకంలో అచ్చంగా ఒకేలా ఉండవు. నియమాలు అనుమతించిన హద్దుల్లోనే మేలైన భాగాలను ఏరి, తూకం సరిచేసి, ఇంజన్‌ను ఓపికగా బిగించే నిపుణుడికి సొమ్ము చెల్లించగలిగినవారు కాస్త ఎక్కువ బలం రాబట్టుకునేవారు. అందులో మోసం ఏమీ లేదు, కానీ ఖర్చు పెరిగింది. వెయ్యి పౌండ్ల హద్దు కూడా చాలాకాలం నిలవలేదు. అందుకే కొత్తగా ఇలాంటి తరగతిని ఆరంభించేవారు ఇంజన్‌కు సీలు వేసి, దాన్ని విప్పే అధికారం ఎవరిదో ముందే రాసిపెట్టాలి. నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైనది, ఏటేటా నియమాలు మార్చకపోవడం. నియమాలు స్థిరంగా ఉంటేనే పాత కారుకు విలువ నిలుస్తుంది, దాన్ని తక్కువ ధరకు కొనుక్కుని మరో కుర్రవాడో అమ్మాయో పోటీకి దిగగలుగుతారు. 1980ల నాటి ఫార్ములా ఫోర్డ్ కార్లు నేటికీ పోటీల్లో కనిపిస్తున్నాయి.

మన దేశంలోనూ ఈ పని జరిగింది. కోయంబత్తూరుకు చెందిన ఎస్. కరివర్ధన్ మారుతి 800 కారు ఇంజన్‌తో ఒంటి సీటు రేసు కార్లు తయారుచేశారు. అదే ఫార్ములా మారుతి. నారాయణ్ కార్తికేయన్ ఆ కార్లతోనే మొదలుపెట్టి, బ్రిటన్ వెళ్లి 1994లో ఫార్ములా ఫోర్డ్ వింటర్ సిరీస్ గెలిచి, 2005లో కారు రేసుల్లో అన్నిటికంటే పై మెట్టయిన ఫార్ములా వన్‌లో పోటీపడిన తొలి భారతీయుడయ్యాడు. ఆ ప్రయాణంలో రెండు మెట్లు సామాన్య కార్ల ఇంజన్లతో నడిచినవే కావడం నాకెంతో సంతోషం కలిగిస్తుంది.

ఇకపై ఎక్కడైనా చవక రేసు తరగతి మొదలవుతోందని వింటే, కారు ధర ఒక్కటే అడిగి ఊరుకోకండి. సీజన్‌కు ఎన్ని జతల టైర్లు వాడనిస్తారు, గుద్దుకుంటే ముందు చక్రాలను కారుకు కలిపే సస్పెన్షన్ మార్చడానికి ఎంతవుతుంది, హెల్మెట్, సూట్, లైసెన్సు, రవాణా ఎవరి ఖర్చు అన్నవి అడిగి, ఆ లెక్కంతా ఒక కాగితం మీద రాసి అమ్మానాన్నలకు చూపించండి.

ప్రేమతో,
మీ తాతయ్య