ఆ 4 శాతం వెలుతురు ఎటు పోవాలి?

రాత్రిపూట తీసిన ఫొటో అది. నల్లటి నీళ్లు, దూరంగా వంతెన మీద దీపాల వరస. అల్యూమినియం రేకు మీద, అద్దంలా మెరిసే గ్లాసీ పూతతో ప్రింట్ చేయించాను. పెట్టె విప్పి చూస్తే ఆ నలుపు బావిలోకి తొంగిచూసినట్టు ఉంది. మురిసిపోయి గోడకు తగిలించాను. మర్నాడు పొద్దున చూస్తే వంతెన లేదు. ఎదురుగా ఉన్న కిటికీ, దాని ఊచలు, మధ్యలో తల దువ్వుకోని నేను. తప్పు ఫొటోది కాదు, ప్రింట్ చేసినవాళ్లది అసలే కాదు. పూత ఎంచుకునేటప్పుడు ఫొటోను చూశాను గానీ, గోడకు ఎదురుగా ఏముందో చూడలేదు.

మెటల్ ప్రింట్ అనగానే రంగు లోహానికి అంటుకుని ఉంటుందనుకుంటాం. అది నిజం కాదు. రేకు మీద ముందే ఒక తెల్ల పొర, దాని పైన పాలిస్టర్ తరహా పారదర్శకమైన పూత ఒకటి వేసి ఉంటాయి. ఫొటోను మొదట ఒక ప్రత్యేకమైన కాగితం మీద, కుడి ఎడమలు తారుమారు చేసి అచ్చు వేస్తారు. ఆ కాగితాన్ని రేకు మీద బోర్లించి, హీట్ ప్రెస్‌లో సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాసేపు నొక్కి ఉంచుతారు. బీరువాలో పెట్టిన కలరా ఉండలు కరగకుండానే గాలిలో కలిసిపోయినట్టు, కాగితం మీది రంగు ద్రవంగా మారకుండానే ఆవిరవుతుంది. చిన్నప్పుడు బడిలో ఉత్పతనం అని చదువుకున్నది ఇదే. వేడికి మెత్తబడిన పూత ఆ ఆవిరిని లోపలికి రానిస్తుంది, చల్లారగానే తలుపు మూసేస్తుంది. అంటే బొమ్మ పూత పైన ఉండదు, పూత లోపల ఉంటుంది. ఇంట్లోనే ప్రెస్ పెట్టుకుని చేసుకునేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. గ్లాసీనా, మెరుపు లేని మ్యాటా అన్నది ఖాళీ రేకు కొన్నప్పుడే తేలిపోతుంది. ప్రెస్‌లో ఏం చేసినా అది మారదు.

ఇక వెలుతురు సంగతికి వద్దాం. గాలిలోంచి వచ్చే కాంతి ఆ పూతను తాకగానే అంతా లోపలికి పోదు. ఇలాంటి ప్లాస్టిక్ తరహా పదార్థాల వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతాయో చెప్పే అంకె) 1.5 చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి, నిటారుగా పడిన కాంతిలో దాదాపు 4 శాతం గుమ్మం దగ్గరి నుంచే వెనక్కి తిరుగుతుంది. మిగతా 96 శాతం లోపలికి వెళ్లి, రంగుల గుండా సాగి, అడుగున ఉన్న తెల్ల పొరను తాకి, ఫొటోగా మన కంటికి చేరుతుంది. గుమ్మం దగ్గరే తిరిగిపోయిన 4 శాతానికి ఫొటోతో పరిచయమే లేదు. దాని రంగు దీపం రంగు, దాని ఆకారం కిటికీ ఆకారం.

పూత ఏ రకమైనా ఈ 4 శాతాన్ని తప్పించుకోలేం. మన చేతిలో ఉన్నది ఒక్కటే, దాన్ని ఎటు పంపాలన్నది. గ్లాసీ పూత దాన్నంతా ఒకే దిక్కుకు పంపుతుంది. మన కన్ను ఆ దారిలో లేకపోతే అది ఉన్నట్టే తెలియదు, ఉంటే అది తప్ప ఇంకేం కనబడదు. గరుకుగా ఉండే మ్యాట్ పూత దాన్ని విత్తనాలు చల్లినట్టు నలుదిక్కులా చల్లుతుంది. ఎక్కడ నిలబడినా కాస్త కళ్లలో పడుతుంది, ఎక్కడా గుచ్చుకోదు.

ఆ కాస్తే నలుపు మీద ఎంత పని చేస్తుందో లెక్క వేసి చూడండి. ప్రింట్‌లో తెలుపు 90 శాతం కాంతిని, నలుపు 1 శాతం కాంతిని తిప్పి పంపుతున్నాయనుకుందాం. గ్లాసీ మెరుపు మన కంటికి తగలని చోట నిలబడితే నలుపు కంటే తెలుపు 90 రెట్లు ప్రకాశం. అదే 4 శాతాన్ని అంతటా సమానంగా చల్లే మ్యాట్ అయితే తెలుపు 94, నలుపు 5. తేడా 19 రెట్లకు కూడా చేరదు. తెలుపుకు 4 కలిస్తే ఎవరికీ తెలియదు, 1 ఉన్న నలుపుకు 4 కలిస్తే అది బూడిద రంగు అవుతుంది. నిజమైన మ్యాట్ పూతలు ఇంత సమానంగా చల్లవు, తేడా మరీ ఇంత ఘోరంగానూ ఉండదు. కానీ జరిగేది ఇదే. ఏటి ఒడ్డున దొరికిన గులకరాయి తడిగా ఉన్నప్పుడు నిగనిగలాడి, ఎండిపోగానే పాలిపోతుంది కదా, అందులో పెద్ద వాటా దీనిదే. నీటి పొర రాయి గరుకును నున్నగా కప్పేస్తుంది.

గరుకు అంటే ఎంత గరుకు? కాంతి దృష్టిలో నునుపు, గరుకు అనేవి దాని తరంగదైర్ఘ్యాన్ని బట్టి ఉంటాయి. రేలీ అనే భౌతిక శాస్త్రవేత్త పేరుతో ఒక ప్రమాణం ఉంది. నిటారుగా చూస్తే, ఎత్తుపల్లాలు తరంగదైర్ఘ్యంలో ఎనిమిదో వంతు లోపు ఉంటే ఆ ఉపరితలం నునుపు కిందే లెక్క. ఆకుపచ్చ కాంతికి అది 70 నానోమీటర్ల లోపు. చూపు ఏటవాలుగా మారేకొద్దీ ఈ హద్దు పెరుగుతుంది, గుమ్మం దగ్గర తిరిగిపోయే కాంతి వాటా కూడా పెరుగుతుంది. ఒక మామూలు తెల్ల కాగితాన్ని కంటి మట్టానికి ఎత్తి, దాని అంచు మీదుగా దీపం వైపు చూడండి. మ్యాట్ అనుకున్న కాగితం మెరుస్తుంది. అందుకే పొడవాటి వసారాలో, నడుస్తూ పక్క నుంచి చూసే గోడ మీద మ్యాట్ ప్రింట్ కూడా మనం ఆశించినంత మంచిపిల్ల కాదు.

గ్లాసీకీ మ్యాట్‌కీ మధ్యరకం పూతలకు అమ్మేవాళ్లు శాటిన్, సెమీ గ్లాస్, పెర్ల్ అని రకరకాల పేర్లు పెడతారు. ఒకరి శాటిన్ ఇంకొకరి మ్యాట్. పేరు మీద నాకు నమ్మకం లేదు. కొలత అడగొచ్చు. గ్లాస్ మీటర్ (gloss meter) అనే పరికరంతో 20, 60, 85 డిగ్రీల కోణాల్లో మెరుపు కొలుస్తారు, నున్నటి నల్ల గాజు పలకకు 100 అని పెట్టుకుని మిగతావాటిని దాంతో పోలుస్తారు. 60 డిగ్రీల దగ్గర అంకె చెప్పగలిగితే రెండు రేకుల్ని పోల్చడం తేలిక. చెప్పలేకపోతే చిన్న నమూనా ముక్క తెప్పించుకోవడమే మేలు.

అన్నిటికంటే చిత్రమైనది తెల్ల పొర లేని రకం. మామూలుగా ఇలాంటి ప్రింటర్లలో తెల్ల ఇంకు ఉండదు. తెలుపంతా పూత అడుగున ఉన్న తెల్ల పొర ఇచ్చేదే. ఆ పొర తీసేస్తే ఫొటోలో తెల్లగా ఉండాల్సిన ప్రతిచోటా లోహం బయటపడుతుంది. మబ్బు వెండి అవుతుంది, పెళ్లిబట్టలు వెండి అవుతాయి, కంటి తెల్లగుడ్డు కూడా వెండి అవుతుంది. అల్యూమినియం దాదాపు 90 శాతం కాంతిని తిప్పి పంపుతుంది, కానీ తెల్ల పొరలా అన్నివైపులకీ కాదు. కాబట్టి ఒక చోట నుంచి ధగధగలాడే ఫొటో, రెండడుగులు పక్కకు జరిగితే మసకబారుతుంది. యంత్రాలు, నీళ్లు, గాజు భవనాలు ఈ రకంలో అద్భుతంగా వస్తాయి. మనుషుల ముఖాలకు మాత్రం వద్దని గట్టిగా చెబుతాను.

ఈ తంటా కొత్తదేమీ కాదు. 1839లో లోకానికి తెలిసిన డాగెరోటైప్ ఫొటోలు వెండి పూసి అద్దంలా మెరుగుపెట్టిన రాగి రేకుల మీదే ఉండేవి. ఆ రేకులో చీకటి వస్తువేదైనా ప్రతిబింబిస్తేనే మనిషి మనిషిలా కనిపించేవాడు. వెలుతురు ప్రతిబింబిస్తే అదే బొమ్మ నెగెటివ్ అయిపోయేది. ఎదురుగా ఏముందో చూసుకుని పట్టుకోవాలని అప్పటివాళ్లకు తెలుసు. నాకు కిటికీ నేర్పింది.

మీకు ఆ కష్టం అక్కర్లేదు. ప్రింట్ తగిలించాలనుకున్న చోట, అదే ఎత్తులో, ఒక అద్దం పట్టుకుని మీరు కూర్చునే చోటు నుంచి చూడండి. అద్దం పట్టడానికి రెండో మనిషి లేకపోతే స్క్రీన్ ఆపేసిన ఫోన్‌ను టేపుతో గోడకు అతికించండి. అచ్చంగా గ్లాసీ నలుపు లాంటిదే అది. దాంట్లో కిటికీ గానీ, బల్బు గానీ, టీవీ గానీ కనిపిస్తే అక్కడ గ్లాసీ వద్దు. ముదురు రంగు గోడో, చీకటి మూలో కనిపిస్తే నిశ్చింతగా గ్లాసీ పెట్టొచ్చు. పొద్దున ఒకసారి, రాత్రి దీపాలు వేశాక ఒకసారి చూడాలి. పై నుంచి దీపం వేసే వీలుంటే, కాంతి నిటారు గీతకు 30 డిగ్రీల వాలులో పడేలా పెట్టడం మ్యూజియంలలో మామూలు పద్ధతి. మెరుపు నేల వైపు జారిపోతుంది.

పిల్లల చేతికి అందే ఎత్తయితే వేలిముద్రలు గ్లాసీ మీద వెంటనే కనిపిస్తాయి, కానీ తుడిస్తే పోతాయి. మ్యాట్ మీద చేతి జిడ్డు గుంటల్లో నిండి అక్కడక్కడా మెరిసే మచ్చలవుతుంది. సన్నటి గీతలు మాత్రం మ్యాట్ దాచేస్తుంది. నేరుగా ఎండ పడే గోడకైతే పూత గురించి ఆలోచించడమే దండగ, ఏ పూతలోనైనా ఈ రంగులు ఎండకు వెలిసిపోతాయి.

ఏదీ తేల్చుకోలేనివాళ్లకు నేను శాటినే చెబుతాను. ఇళ్లలో గోడల ఎదుట కిటికీలు ఉండకపోవడం అరుదు, ఫొటోల్లో ఎక్కువ భాగం మనుషులే. వంతెన ఫొటోను మాత్రం శాటిన్‌లో మళ్లీ చేయించలేదు. ముదురు చెక్క పుస్తకాల అలమరకు ఎదురు గోడకు మార్చాను. రాత్రి అలమర పైనున్న దీపం వేస్తే ఆ వరసలో ఒక దీపం ఎక్కువ కనిపిస్తుంది.